పచ్చయ్యకు నీళ్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు గురించి, డి.ఎ. బకాయిల గురించి, వైద్యబిల్లుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఉదయం నుంచీ మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు అమెరికా అనుభవాలు చెప్పమన్నారు. నయాగరా జలపాతం గురించి ఈ వేదిక మీద ఇప్పటికి ముగ్గురు చెప్పారు. కాబట్టి నేను ఆ జోలికి పోను. ఊసరవెల్లికి నీళ్లు పెట్టిన సంగతి చెబుతాను. నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు గాని, చివరిదాకా వినండి.

మీలో చాలామందికి తెలుసు, నేను మునిసిపల్ నీటి ప్రయోగశాలలో కెమిస్టుగా 1978లో చేరి 2009లో రిటైరయ్యాను. డెల్టా ఊరు. కాలువ నీళ్లు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకుని, ఆ నీళ్లతోనే కొత్తనీరు వచ్చేదాకా గడుపుకోవాలి. నా పని ఏమిటయ్యా అంటే, ఫిల్టర్ హౌస్ నుంచి బయలుదేరిన నీళ్లలో క్లోరిన్ ఎంత ఉంది, ఊరి చివరి వీధి కుళాయి దగ్గరికి చేరేసరికి ఎంత మిగిలింది అని చూడటం. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని మన ప్రమాణం చెబుతుంది. ఆ రోజుల్లో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు వస్తే హమ్మయ్య అనుకునేవాళ్లం. ఆ మందు మంచిది కాదని తరువాత మాన్పించారు. రంగు రాలేదంటే దారిలో ఎక్కడో గొట్టం పగిలి మురుగు కలుస్తోందని లెక్క. ఒక వేసవిలో ఆ రంగు రాని వీధిలోనే కామెర్లు వచ్చాయి. అది నేను మరచిపోలేదు. మరచిపోలేదనే ఇంతకాలం అనుకున్నాను.

2017లో మా అమ్మాయి దగ్గరికి, అమెరికాలో డాలస్ పక్కన ఉన్న ప్లానో అనే ఊరికి, నేనూ మా ఆవిడా వెళ్లాం. మన తెలుగువాళ్లు జాస్తిగా ఉన్న ఊరు. దిగింది మార్చి నెలలో. మొదటి రోజు ఉదయం పళ్లు తోముకుందామని కుళాయి తిప్పేసరికి గుప్పుమని క్లోరిన్ వాసన. మా ఆవిడ ముక్కు మూసుకుంది గాని, నాకు మాత్రం ఉద్యోగంలోకి తిరిగి వెళ్లినట్టయింది. వాకబు చేస్తే తెలిసింది. ఆ ప్రాంతంలో ఏడాది పొడుగునా క్లోరిన్‌కు కొద్దిగా అమ్మోనియా జోడించి, క్లోరమిన్‌గా చేసి నీళ్లలో కలుపుతారు. వసంతకాలంలో మాత్రం గొట్టాలు శుభ్రపడటానికి కొన్ని వారాలు అమ్మోనియా మానేసి ఉత్త క్లోరిన్ పంపుతారు. మేము సరిగ్గా ఆ వారాల్లో దిగామన్నమాట.

మా మనుమడికి అప్పుడు పదకొండేళ్లు. వాడి గదిలో నా ఛాతీ ఎత్తున్న జాలీ పంజరం, లోపల పూలకుండీల్లో మొక్కలు, ఆ కొమ్మల మీద ఒక ఊసరవెల్లి. మన పొలాల్లో కనిపించే జాతి కాదు. యెమెన్ దేశం, సౌదీ అరేబియాలోని నైరుతి కొండలు దాని సొంత ఊరు. నెత్తిన గోపురం లాంటి ఎత్తయిన ఎముక ఉంటుంది. అమెరికాలో వీటిని పంజరాల్లోనే పుట్టించి పెంచి అమ్ముతారు. మా ఆవిడ మొదట “తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని వినడమే గాని, దాన్ని పడకగదిలో పెట్టుకోవడం ఎక్కడా చూడలేదు” అన్నది. మనుమడు దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు ఆవిడ నోరు తిరక్క పచ్చయ్య అని పిలిచింది. నెల తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ అది పచ్చయ్యే.

చిన్నతనంలో చేలగట్ల మీద తొండలను రాళ్లతో కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అలాంటివాణ్ణి ఆ ప్రాణి ముందు కుర్చీ వేసుకుని గంటలు గంటలు కూర్చోవడం మొదలుపెట్టాను. ఒక కన్ను మనుమడి వైపు, ఒక కన్ను నా వైపు తిప్పి చూసేది. మా హెడ్ క్లర్కు కూడా అచ్చం అలాగే చూసేవాడు.

జూలైలో మనుమడు పది రోజులు ఏదో పిల్లల క్యాంపుకు వెళ్లాడు. వెళ్లేముందు పచ్చయ్యను నాకు అప్పగించాడు. “తాతయ్యా, నువ్వు నీళ్ల ఆఫీసరువి కదా, నువ్వే చూసుకో” అన్నాడు. ఏం చెయ్యాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. ఉదయమూ సాయంత్రమూ అయిదేసి నిమిషాలు ఆకులన్నీ తడిసేలా పిచికారీ కొట్టాలి. పంజరం పైన అడుగున చిల్లిపెట్టిన ప్లాస్టిక్ గ్లాసు ఒకటి ఉంది, అందులో నీళ్లు పోస్తూ ఉండాలి, అవి బొట్టు బొట్టుగా ఆకుల మీద పడుతుంటాయి. పిచికారీ డబ్బాను రోజు విడిచి రోజు వేడినీళ్లతో కడగాలి. ఇవీ వాడి ఆదేశాలు. చదివాను. చదివి, పదకొండేళ్ల కుర్రాడు ముప్ఫయి ఒక్క ఏళ్ల సర్వీసుకు మెమో ఇవ్వడమా అని లోపల నవ్వుకున్నాను.

ఆకుల మీద తెల్లటి మచ్చలున్నాయి. చూడగానే తెలిసింది, సున్నపు మచ్చలు. నీళ్లలో కాఠిన్యం ఉంది. పైగా క్లోరమిన్. రాత్రంతా బిందెలో పట్టి ఉంచితే ఉత్త క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది గాని, క్లోరమిన్ అంత తేలిగ్గా పోదు. కాబట్టి ఈ పూచీ వద్దనుకుని, అల్లుడితో అంగడి నుంచి డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు తెప్పించాను. ప్రయోగశాలలో వాడేంత శుద్ధమైన నీళ్లు! ఒక పింగాణీ గిన్నె నిండా పోసి పంజరంలో పెట్టాను. పిచికారీ డబ్బాలోనూ అవే నింపి, కిటికీ పక్కన పెట్టుకున్నాను.

ఇక ఆ చిల్లి గ్లాసు. రోజంతా టప్ టప్ అని కారుతూనే ఉంటుంది, కింద పళ్లెం నిండిపోతుంది. కారే కుళాయి కనబడితే కట్టేయడం మా డిపార్టుమెంటు వాళ్లకు ఒంటికి పట్టిన అలవాటు. గ్లాసు తీసి గట్టున పెట్టేశాను. అయిదు నిమిషాలు పిచికారీ కొడితే వేళ్లు లాగుతున్నాయి, తివాచీ తడుస్తోంది. గిన్నెడు నీళ్లు ఎదురుగా ఉండగా ఇంకెందుకని, పూజలో నీళ్లు చిలకరించినట్టు పైపైన నాలుగుసార్లు కొట్టి ఊరుకునేవాణ్ణి.

అయిదో రోజుకు పచ్చయ్య పగటిపూట కళ్లు మూసుకోవడం మొదలుపెట్టింది. బుర్రపిట్ట గూటిలా ఎత్తుగా ఉండాల్సిన కళ్లు లోపలికి గుంట పడ్డాయి. కీచురాళ్లు వేస్తే చూడలేదు. ఆరో రోజు రెట్ట చూశాను. మన గోడ మీది బల్లి రెట్ట చూడండి, నల్లటి ముక్క చివర తెల్లగా ఉంటుంది. ఆ తెల్లది బల్లి మూత్రమే. నీళ్లు వృథా కాకుండా ఈ జాతులు మూత్రాన్ని యూరిక్ యాసిడ్ ముద్దగా విసర్జిస్తాయి. పచ్చయ్యది తెల్లగా లేదు. నారింజ రంగులో, ఎండిన సుద్దలా ఉంది. మా ఆవిడ ఆ సాయంత్రం నాతో, “ఏమండీ, దానికి దాహంగా ఉన్నట్టుందండీ” అన్నది. నేను గిన్నె చూపించి “నిండుగా ఉన్నాయి కదా” అన్నాను. ఆవిడ మళ్లీ మాట్లాడలేదు.

మరునాడు అమ్మాయి సెలవు పెట్టి, సరీసృపాలను చూసే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. ఫీజు ఎంతో ఈ సభలో చెప్పను, మన మెడికల్ అలవెన్సు గుర్తొచ్చి బాధపడతారు. ఆ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నేను క్లోరమిన్ గురించి, కాఠిన్యం గురించి, నేను పోసిన శుద్ధజలం గురించి చెప్పుకుంటూ పోతుంటే మర్యాదగా విన్నది. విని ఒకే ప్రశ్న అడిగింది. “ఈ వారంలో అది నీళ్లు తాగుతుండగా మీరు చూశారా?”

నేను చూడలేదు.

ఊసరవెల్లికి గిన్నెలోని నీళ్లు నీళ్లని తెలియవట, మామూలుగా. దాని కంటికి కదిలేది, మెరిసేది కావాలి. వానచుక్క ఆకు మీది నుంచి జారాలి, మంచుబొట్టు కొనకు చేరి ఊగాలి. అప్పుడు నాలుక చాపుతుంది. అదీ వెంటనే కాదు. ఆకులు తడిసిన తరువాత కొన్ని నిమిషాలు గడిస్తేగాని మొదలుపెట్టదు. ఆ పిచికారీ నీళ్లతోనే కళ్లు కడుక్కుంటుంది. అంటే నిండు గిన్నె ఎదురుగా పెట్టుకుని నా పచ్చయ్య వారం రోజులు ఎండిపోయింది. వృథా అని నేను తీసేసిన గ్లాసే దానికి ఏరు, చెరువు, కుళాయి.

డాక్టరమ్మ చర్మం కింద సూదితో ద్రవం ఎక్కించింది. ఎక్కిస్తూ, నేను వెంట తెచ్చిన పిచికారీ డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసింది. మూత విప్పి, వేలు లోపల తిప్పి, నాకు చూపింది. జిగురు.

అయ్యా, ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. నీళ్లలో మిగులు క్లోరిన్ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికే నాకు ముప్ఫయి ఒక్క ఏళ్లు జీతం ఇచ్చారు, ఇప్పటికీ పెన్షన్ ఇస్తున్నారు. కుళాయి నీళ్లలోని కాపలాదారును నేనే తీసేశాను. తీసేసి, ఆ నీళ్లను కిటికీ ఎండలో వెచ్చగా ఉంచి, కడగకుండా, ఆ ప్రాణి కళ్ల మీదా ఆకుల మీదా చిలకరించాను. జిగురు పొరలో పెరిగే సూక్ష్మజీవులు ఇలాంటి ప్రాణులకు నోటిలోనూ ఊపిరితిత్తుల్లోనూ చీము పట్టించగలవు. మా చివరి వీధి కుళాయి సంగతే ఇది. అక్కడ గొట్టం, ఇక్కడ సీసా.

ఇక్కడ ఒక్క నిమిషం నీళ్ల సంగతే చెప్పనివ్వండి. మన పిల్లలు విదేశాల్లో తాబేళ్లను, బల్లులను, పాములను కూడా పెంచుతున్నారు. మీరు వెళ్లినప్పుడు మిమ్మల్నీ అడుగుతారు.

మనిషి తాగడానికి పనికొచ్చే కుళాయి నీళ్లు ఈ జంతువులు తాగడానికీ సాధారణంగా పనికొస్తాయి. అమెరికాలో క్లోరిన్‌కైనా క్లోరమిన్‌కైనా లీటరుకు 4 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి ఉంది. చేపలకు, కప్పలకు ఆ మాత్రం కూడా ప్రమాదమే. చేప మొప్పలతోనూ, కప్ప చర్మంతోనూ నీళ్లను నేరుగా ఒంట్లోకి తీసుకుంటాయి. ఊసరవెల్లి, పాము, బల్లి పొలుసుల చర్మం అలాంటిది కాదు. అయినా మనసుకు శంక ఉంటే క్లోరిన్ విరిచే చుక్కల మందు అంగడిలో దొరుకుతుంది. వాటిలో చాలావాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేటు, మన ఫోటో స్టూడియోల వాళ్ల హైపో. సూక్ష్మజీవుల పరీక్షకు నీళ్లు పట్టే సీసాల్లో మేము ముందుగా వేసేది కూడా అదే. అయితే క్లోరిన్ విరిచాక ఆ నీళ్లను ఆ పూటే వాడెయ్యాలి, నిలవ పెట్టకూడదు.

డిస్టిల్డ్ నీళ్లు విషం అనేవాళ్లున్నారు, ఒంట్లోని సున్నమంతా లాగేస్తాయని. అదీ అతిశయోక్తే. ఈ ప్రాణులకు సున్నం ముఖ్యంగా రావలసింది మేత మీద చల్లే పొడి నుంచి, నీళ్ల నుంచి కాదు. యంత్రంతో పిచికారీ కొట్టేవాళ్లు నాజిల్ పూడుకుపోకుండా డిస్టిల్డో ఆర్.ఓ. నీళ్లో వాడుకుంటారు, తప్పు లేదు. కాఠిన్యం పోవాలని గరాజ్‌లో ఉప్పు పోసే సాఫ్టెనర్ ఉన్న ఇళ్లలో మాత్రం జాగ్రత్త. అది సున్నాన్ని తీసి సోడియం పెడుతుంది. ఆ ఇళ్లలో సాఫ్టెనర్‌కు ముందు ఉన్న కుళాయి నీళ్లు పట్టుకోవడం మేలు. కాచినంత మాత్రాన ఉప్పులు పోవు, నీళ్లు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడతాయి. ఈ పొరపాటు మన ఇళ్లలోనూ ఉంది.

పాత ఇళ్లయితే ఉదయం మొదట వచ్చే నీళ్లు కాసేపు వదిలేయండి, వేడినీళ్ల కుళాయి నుంచి అసలు పట్టవద్దు. సీసం భయం. వాషింగ్టన్ నగరంలో 2000 సంవత్సరంలో క్లోరిన్ మాని క్లోరమిన్‌కు మారిన తరువాత, పాత సీసపు గొట్టాల లోపలి పొర కదిలి నీళ్లలో సీసం పెరిగింది. 2004 నాటికి అది దేశమంతా పెద్ద గొడవైంది. ఒక మందు మారిస్తే ఎక్కడ ఏది కదులుతుందో, కెమిస్టునైన నాకే ఆ కథ చదివాక ఒళ్లు జలదరించింది.

ఒక్కో ప్రాణికి ఒక్కో తాగుడు పద్ధతి. పాముకు గిన్నె చాలు. మెట్ట తాబేలును పలుచటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెడితే తాగుతుంది, అక్కడే విసర్జిస్తుంది, వెంటనే నీళ్లు మార్చాలి. అమెరికా ఎడారి తాబేలు మూత్రాశయంలోనే నీళ్లు దాచుకుంటుందట. ఎవరైనా ముచ్చటపడి ఎత్తితే భయంతో ఆ నీళ్లు వదిలేసి, వేసవిలో దాహంతో చచ్చిపోగలదు. ఆస్ట్రేలియాలో ముళ్ల బల్లి ఒకటి ఉంది. తడి ఇసుక మీద నిలబడితే పొలుసుల మధ్య సన్నటి కాలువల గుండా నీళ్లు దాని నోటికి చేరతాయి. గ్రావిటీ స్కీముల కోసం మనం ఎన్ని ఎస్టిమేట్లు వేశాం!

ఇంకొక్కటి, ఇది మన కోసం. ఈ జంతువులు ఆరోగ్యంగా ఉన్నా వాటి పేగుల్లో సాల్మొనెల్లా ఉండవచ్చు. నాలుగు అంగుళాలలోపు తాబేళ్లను అమ్మడాన్ని 1975లో అమెరికా ప్రభుత్వం ఆపింది ఈ కారణంగానే. అయిదేళ్లలోపు పిల్లలకు, మన వయసువాళ్లకు ప్రమాదం ఎక్కువ. కాబట్టి వాటి గిన్నెలను వంటింటి సింకులో కడగవద్దు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇక్కడ ఇళ్లలో పెంచుదామనుకునేవారికి కూడా ఒక మాట. మన ఊసరవెల్లి, మన నక్షత్ర తాబేలు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి. వాటిని పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. విదేశీ జాతుల్లో అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నవాటిని 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మనవడు అడిగాడని సంతలో తాబేలును కొని తేవద్దు.

సరే, పచ్చయ్య దగ్గరికి వస్తాను. మూడు రోజులకు కళ్లు తెరిచింది. రోజూ రెండు పూటలా అయిదేసి నిమిషాలు కాదు, పదేసి నిమిషాలు నేనే కొట్టాను, వేళ్లు లాగితే లాగాయి. చిల్లి గ్లాసు మళ్లీ పైకెక్కింది. తొలిసారి అది ఆకు చివరి బొట్టును నోటితో అందుకుని, గొంతు కదిలిస్తూ మింగుతుంటే, మా ఆవిడను పొయ్యి దగ్గర నుంచి పిలిచి చూపించాను. అయితే మూత్రపిండాలకు దెబ్బ తగిలి ఉండవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. వీటికి అలాంటప్పుడు కీళ్లలోనూ లోపలి అవయవాలలోనూ యూరిక్ యాసిడ్ పేరుకుంటుందట. గౌట్. ఈ హాలులో దాని బాధ తెలిసినవాళ్లు అరడజను మందైనా ఉంటారు.

మనుమడు వచ్చే రోజు అమ్మాయి నాతో, “నాన్నగారూ, ఇప్పుడు బాగానే ఉంది కదా, వాడికి చెప్పకండి, అనవసరంగా బాధపడతాడు” అన్నది. నిజానికి నాకూ అదే హాయిగా ఉండేది. సర్వీసులో ఎన్ని రిపోర్టులు చూడలేదు, “స్వల్ప అంతరాయం, పరిస్థితి అదుపులో ఉంది” అని! కామెర్ల వేసవిలో కూడా మొదట రాసిన రిపోర్టు అదే. దాని మీద నా సంతకమూ ఉంది.

వాడు సంచీ దించకముందే పంజరం దగ్గరికి పరుగెత్తాడు. నేను వెనకే వెళ్లి, మంచం మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గిన్నె, గ్లాసు, డబ్బా, జిగురు, ఆసుపత్రి. ఫ్రిజ్ మీది కాగితాన్ని లెక్కచెయ్యలేదని కూడా చెప్పాను. వాడు ఏడవలేదు. నావైపు చూడలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా అమ్మమ్మ పక్కకు జరిగి కూర్చున్నాడు.

మూడో రోజు ఉదయం ఒక నోటు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. స్కేలుతో గీతలు గీశాడు. తేదీ, ఉదయం, సాయంత్రం, డబ్బా కడిగిన రోజు, రెట్ట రంగు. చివరి గడి మీద వచ్చీరాని తెలుగులో “తాగిందా” అని రాశాడు. మా ఆవిడ దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్నాడు అప్పట్లో. “తాతయ్యా, ఇది నువ్వు రాయాలి. చూసిన తరువాతే టిక్ పెట్టాలి” అన్నాడు. తిరుగు ప్రయాణం రోజుదాకా నేనే రాశాను. చూడని రోజు గడి ఖాళీగా వదిలేశాను.

పచ్చయ్య 2021లో పోయింది. మనుమడు ఫోను చేసి చెప్పాడు, వాడి గొంతు అప్పటికే మగగొంతు అయింది. ఈ మధ్య మా అమ్మాయి వచ్చినప్పుడు ఆ పుస్తకం నాకు తెచ్చి ఇచ్చింది. ఇదిగో, ఇక్కడే ఉంది. చూడాలనుకున్నవారు భోజనాల దగ్గర అడగండి. నాకు కేటాయించిన సమయం దాటిపోయిందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు.